విజయనగరం జిమ్‌లో రోయింగ్ మెషిన్: ఒక సర్జన్ సమీక్ష

ఆపరేషన్ థియేటర్‌లో గంటల తరబడి మెడ వంచి నిలబడే మాబోటి సర్జన్లకు ముందుగా మొరాయించేవి నడుమూ భుజాలూ. వాటికి ట్రెడ్‌మిల్ వల్ల ఒరిగేది తక్కువే. రింగ్ రోడ్డు వైపున్న ఒక జిమ్‌లో కాన్సెప్ట్2 కంపెనీ రోయింగ్ మెషిన్, అంటే కూర్చున్నచోటే పడవకు తెడ్డు వేసినట్టు వ్యాయామం చేయించే యంత్రం, ఉందని తెలిసి చేరాను.

సర్జన్‌కు పడవ పందేలతో పనేమిటని అడిగేవారు నెదర్లాండ్స్ వైపు చూడాలి. అక్కడ ఈ క్రీడ చాలావరకు విశ్వవిద్యాలయ విద్యార్థుల క్లబ్బుల్లోనే పెరిగింది. లైడెన్‌లో న్యోర్డ్ అనే క్లబ్బు 1874లో, డెల్ఫ్ట్‌లో లాహా అనేది 1876లో మొదలయ్యాయి. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన మినర్వా జట్టు సెయిన్ నదిపై పతకాలు గెలిచింది. చదువుకునే రోజుల్లో తెడ్డు వేసి, ఆ తరువాత సర్జన్ అయినవారు అక్కడ వింతేమీ కాదు. మన పెద్ద చెరువులో పైడితల్లి అమ్మవారి తెప్పోత్సవం తప్ప పడవ పందేల ఊసే లేదు కనుక మనకు యంత్రమే గతి.

యంత్రానికి వంక పెట్టలేము. పిడిని లాగితే గొలుసు ఫ్యాన్‌చక్రాన్ని తిప్పుతుంది. ఎదురొచ్చేది గాలే కనుక ఎంత గట్టిగా లాగితే అంత బరువనిపిస్తుంది. ముందు కాళ్లతో తన్ని, తరువాత నడుమును వెనక్కి వాల్చి, చివరగా చేతులతో లాగాలి. తిరిగి వచ్చేటప్పుడు చేతులు, నడుము, కాళ్లు అనే వరుస. ఈ వరుస కుదిరితే తొడలు, వీపు, భుజాలు ఒకేసారి పనిచేస్తాయి. 500 మీటర్లకు ఎంత సమయం పడుతోందో తెరపై చూస్తూ, ఒలింపిక్ దూరమైన 2000 మీటర్లు పూర్తిచేయడం నాకు బాగా నచ్చిన వ్యాయామం.

నిర్వహణే నాసిరకం. చక్రంలోకి వెళ్లే గాలిని మార్చే మీటను కుర్రాళ్లు ఎప్పుడూ అన్నిటికన్నా పైదైన 10 మీదే వదిలేస్తారు. అది గొప్పనుకుంటారు కాబోలు, నిజానికి కొత్తవారికి 3 నుంచి 5 చాలు. వీపు గూనిగా వంచి చేతులతోనే లాగేవారిని ట్రైనర్ వారించడు. నడుము నొప్పి తెచ్చుకోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. ప్రతి 50 గంటల వాడకానికి గొలుసుకు నూనె రాయాలన్నది తయారీదారుల సూచన, ఇక్కడ మాత్రం అది కిర్రుమంటూనే ఉంటుంది. కుడికాలి పట్టీ కూడా తెగింది.

డిస్క్ సమస్య ఉన్నవారు తమ వైద్యుణ్ణి అడిగాకే దీని మీద కూర్చోవాలి. మిగిలినవారు వేకువన వెళ్తే మంచిది, సాయంత్రాలు ఆ సీటు మీద ఎవరో ఒకరు ఫోన్ చూసుకుంటూ కూర్చునే ఉంటారు.