ఆరు పొరల రాజధాని: ట్రేసింగ్ పేపర్‌తో నా అనుభవం

ట్రేసింగ్ పేపర్ ఏ మందంలో దొరుకుతుందో, దాని మీద ఏ పెన్ను బాగా నడుస్తుందో చెప్పడానికి ఈ సమీక్ష రాయడం లేదు. చిన్నప్పుడు భారతదేశ పటాన్ని దించుకున్న ప్రతివారికీ ఆ సంగతులు తెలుసు. నేను చెప్పదలచుకున్నది, కింద గీసినది పై షీటులోంచి కనిపించడమనే దాని ఒకే ఒక గుణం గురించి. వారాంతాల్లో స్నేహితులం బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడుకునే ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటకు నేను గేమ్ మాస్టర్‌ని, అంటే కథను నడిపేవాణ్ని. ఆ ఆటలో మణిద్వారం అనే పెద్ద రాజధాని ఉంది. దాన్ని కొన్నేళ్లుగా ఈ కాగితం మీదనే గీస్తూ, చెరుపుతూ, పెంచుతూ వస్తున్నాను.

కంప్యూటరులోనూ పొరలు ఉంటాయి కదా అని అడిగేవారు ఉంటారు. ఉంటాయి, నేనూ వాడాను. అయితే ఒకే రోజున ఒకే కాన్వాసు మీద గీసిన రాజధాని ఎంత విశాలమైనదైనా మా విశాఖ శివార్లలో ఆనందపురం వైపు కొత్తగా వేసిన లేఅవుట్‌లాగే కనిపిస్తుంది: వీధులన్నీ ఒకే వయసువి, మలుపులన్నీ కారణం లేనివి. నిజమైన రాజధానులు అలా పుట్టలేదు. ఓరుగల్లులో లోపల రాతికోట, బయట మట్టికోట. నాలుగు దిక్కుల ద్వారాల నుంచి వచ్చే దారులు నడిమధ్యన తోరణాల దగ్గర కలిసే తీరు ఇప్పటికీ చెదరలేదు. 1443లో పర్షియా రాయబారిగా విజయనగరానికి వచ్చిన అబ్దుల్ రజాక్ ఏడు ప్రాకారాలను వర్ణిస్తూ, వెలుపలి ప్రాకారాల మధ్య పొలాలూ తోటలూ ఉన్నాయని రాశాడు. వియన్నాలో 1857 నాటి చక్రవర్తి ఆజ్ఞతో కోటగోడలు తొలగించిన చోటనే ఇప్పటి వలయ రహదారి ఏర్పడింది. గోడ పోయినా దాని వంపు వీధిగా మిగులుతుంది. ద్వారం పోయినా దారులు అక్కడే కలుస్తాయి. ఈ క్రమాన్ని చేతికి నేర్పేది, నా అనుభవంలో, ఒక షీటు మీద ఇంకో షీటు పరచి గీయడమే.

మణిద్వారానికి ఆరు పొరలు ఉన్నాయి. మొదటి దాని మీద నేల, నీరు మాత్రమే ఉంటాయి. రేవు ముఖద్వారాన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండను మన డాల్ఫిన్స్ నోస్ నుంచే తీసుకున్నాను. 1933లో మొదలైన మన ఓడరేవుకు గాలివాన నుంచి ఆ కొండ ఇచ్చే అండను చూస్తూ పెరిగినవాడికి కొండ లేని రేవు ఊహకు అందదు. రెండవ పొర మీద జాలరిపేట, కొండమీది బురుజు. మూడవ దాని మీద తొలి ప్రాకారం. నాలుగవ దాని మీద అగ్నిప్రమాదం తరువాత వెలిసిన బజారు. అయిదవ దాని మీద నేటి వీధులు. ఆరవది ఆటగాళ్లు చూడకూడని సొరంగాలు, మురుగు కాలువలు. ఒకసారి ఒక స్నేహితురాలు నేటి వీధుల షీటును చూస్తూ, కంసాలి వీధి ఒక్కటే ఇలా విల్లులా ఎందుకు వంగిందని అడిగింది. నేను జవాబు చెప్పలేదు, మూడవ పొరను దాని కిందకు జరిపాను. పాత ప్రాకారం సరిగ్గా ఆ వంపులోకి వచ్చి కూర్చుంది. ఆ తరువాత రెండు నెలల ఆట ఆ పునాదిలో ఏముందన్న ప్రశ్న చుట్టూనే నడిచింది. తెర మీద మీట నొక్కి పొరను చూపితే అది నేను ఇచ్చిన సమాచారం అయ్యేది. కాగితం మీద అది వాళ్లు కనిపెట్టిన రహస్యం అయింది.

ఇంత మెచ్చుకున్న తరువాత వానాకాలం గురించి కూడా చెప్పాలి. మా ఇల్లు పెదవాల్తేరులో, సముద్రానికి బాగా దగ్గర. గుజ్జును విపరీతంగా నలిపి, పోగుల మధ్య గాలి లేకుండా చేయడం వల్లనే ఈ కాగితానికి పారదర్శకత వస్తుంది. అలాంటి కాగితం తేమను పీల్చి సాగుతుంది. పైగా పోగులు పొడవులో కంటే వెడల్పులో ఎక్కువగా ఉబ్బుతాయి కాబట్టి, రోలు నిలువునా కంటే అడ్డంగా ఎక్కువ సాగుతుంది. దుకాణంలో తుండు మిగలకూడదని ఒక షీటును అడ్డంగా కోసి ఇచ్చారు, కాబట్టి అది ఎక్కువగా సాగే దిక్కు మిగతా షీట్ల దిక్కుతో కలవదు. నా సొరంగాల పొర దాని మీదనే ఉంది. శీతకాలంలో గీసినప్పుడు అన్నీ చక్కగా కలిశాయి. ఆగస్టులో, ఆటగాళ్లు ఎన్నో సాహసాల తరువాత సొరంగాల పటాన్ని సంపాదించిన రాత్రి, వాళ్లే దాన్ని వీధుల మీద పరిచారు. ఒక అంచు కలిస్తే రెండవ అంచు మూడు నాలుగు మిల్లీమీటర్లు జరిగింది. నా పటంలో ఒక మిల్లీమీటరు అంటే అయిదు మీటర్లు. ఆలయ వంటశాలలో తేలవలసిన సొరంగం వడ్డీ వ్యాపారి పెరటిలో తేలింది. కాదని చెప్పే వీలు లేదు, పటం వాళ్ల కళ్లెదుటే ఉంది. ఆ వ్యాపారికి అప్పటికప్పుడు ఒక నేరచరిత్ర కల్పించవలసి వచ్చింది. ఆట రక్తి కట్టిన మాట నిజమే. ఆ మెప్పు కాగితానికి చెందదు.

కింది వాటాలో ఉండే విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్ గారికి చూపిస్తే ఆయన చాలాసేపు నవ్వారు. “సముద్రం పక్కన ట్రేసింగ్ కొలతలను నమ్ముతారా బాబూ? మేము నిలవ ఉండాల్సిన డ్రాయింగులన్నీ ఫిల్ము మీదే వేసేవాళ్లం” అన్నారు. పాలిస్టర్ ఫిల్ము తేమకు దాదాపు సాగదు. ప్రతి షీటుకూ నాలుగు మూలలా కూడిక గుర్తు వేయమనీ, అంచులు కలిపి కాక ఆ గుర్తులు కలిపి చూడమనీ కూడా చెప్పారు. సిరాను సగం బ్లేడుతో గీకి చెరిపే పద్ధతి నేర్పింది కూడా ఆయనే.

మరొక విషయం. ఆరు పొరలు అన్నాను గాని, ఆరింటినీ ఒకేసారి చూడలేము. మూడు దాటితే పాలమీగడలా తెల్లబడి అడుగున ఉన్నది మసకబారుతుంది. నల్లసిరాతో లావుగా గీసిన ప్రాకారం ఒక్కటే అప్పటికీ లీలగా కనిపిస్తుంది. ఇప్పుడు నేల పొరను, నేటి వీధుల పొరను ఫిల్ము మీదకు మార్చాను. దాని ధర చాలా రెట్లు ఎక్కువ కాబట్టి మధ్య పొరలు ఇంకా ట్రేసింగ్ మీదనే ఉన్నాయి.

ఏసీ గదిలో ఆడుకునేవారికి, సముద్రానికి దూరంగా ఉండేవారికి ఈ బాధ ఉండకపోవచ్చు. ఆటగాళ్లు వేర్వేరు ఊళ్ల నుంచి ఆన్‌లైన్‌లో కలిసే బృందానికి ఇది ఎలాగూ పనికిరాదు. నాలాగా ఒకే బల్ల, ఒకే బృందం, ఏళ్ల తరబడి ఒకే నగరం ఉన్నవారు కొనవచ్చు. అయితే దుకాణంలో ముక్కలు చేయించకుండా రోలు మొత్తంగా తెచ్చుకుని, షీట్లన్నీ ఒకే దిశలో ఇంట్లో కోసుకోవాలి.