మెక్‌షేన్ బైబిల్ పఠన ప్లాన్: చదివించడంలో గొప్పది, ధ్యానానికి మాత్రం ఇదొక్కటే చాలదు

రోజూ బైబిల్ చదువుతాం అనే చాలామంది తిరిగేది కొన్ని కీర్తనలు, సువార్తలు, పౌలు పత్రికల్లో (ఆయన రాసిన ఉత్తరాల్లో) ఇష్టమైన అధ్యాయాల చుట్టూనే. 66 పుస్తకాలుంటే పదో పన్నెండో తెరుస్తాం. విశ్వాసంలో ఎదగాలంటే అది చాలదని నా గట్టి నమ్మకం, అందుకే ఈ ప్లాన్‌ని అందరికీ చెబుతుంటాను. స్కాట్లాండ్‌లోని డండీలో పాస్టర్‌గా ఉన్న రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం దీన్ని తయారుచేశారు. మరుసటి ఏడాదే, 29 ఏళ్లకే ఆయన చనిపోయారు. రోజుకు సుమారు నాలుగు అధ్యాయాలు, అవీ నాలుగు వేర్వేరు పుస్తకాల నుంచి. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి.

దీని అసలు బలం ఈ నాలుగు దారుల్లోనే ఉంది. జనవరి 3 చూడండి: ఆదికాండము 3, మత్తయి 3, ఎజ్రా 3, అపొస్తలుల కార్యములు 3. ఒక్క రోజే ఆదాము హవ్వలు తోటలోంచి వెళ్లగొట్టబడతారు, యొర్దానులో యేసు బాప్తిస్మం పొందుతాడు, దేవాలయానికి మళ్లీ పునాది వేస్తుంటే మొదటి మందిరాన్ని చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడుస్తారు, దేవాలయపు ద్వారం దగ్గర పుట్టు కుంటివాడు లేచి గంతులేస్తాడు. ఇవి ఒకదాని పక్కన ఒకటి చదివాక పోగొట్టుకోవడం, తిరిగి కట్టబడటం అనే కథ బైబిలంతా ఎలా సాగుతుందో ఎవరూ వివరించక్కర్లేదు.

దాటేసే పుస్తకాల సంగతికొస్తే, లేవీయకాండము 16లో ప్రధాన యాజకుడు అహరోను ముందు తన కోసమే కోడెను అర్పించాలి, తర్వాత రెండు మేకల్లో ఒకదాన్ని వధించి, రెండోదాని మీద ప్రజల పాపాలు ఒప్పుకుని అరణ్యంలోకి పంపేయాలి, అదీ ఏటేటా. ఇది తెలియకుండా హెబ్రీయులకు 9, 10 అధ్యాయాలు చదివితే క్రీస్తు ఒక్కసారే అర్పించుకున్నాడన్న మాట బరువు సగం కూడా అందదు. యిర్మీయా 29:11 కూడా అంతే. మీకు మేలే తలపెట్టాను, నిరీక్షణ ఇస్తాను అని దేవుడు చెప్పే, అందరూ వాగ్దానంగా పట్టుకునే ఆ వచనానికి పైనే, చెరపట్టబడిన యూదులకు బబులోనులో 70 ఏళ్లు గడవాలని ఉంది, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని కూడా ఉంది. అది చదివినవాళ్ల నిరీక్షణ త్వరగా కూలిపోదు.

ఇక లోపాలు. ప్లాన్ దాదాపుగా అధ్యాయాల లెక్కన నడుస్తుంది, కానీ అధ్యాయాల విభజన బైబిల్ రచయితలు చేసింది కాదు. యెషయాలో బాధపడే సేవకుని గీతం 52:13 దగ్గర మొదలై 53లోకి సాగుతుంది, ప్లాన్ ప్రకారం ఆగితే అది మధ్యలో తెగిపోతుంది. వెనకబడితే అందుకోవడానికి ఖాళీ రోజులు లేవు, అధ్యాయాలు పేరుకుపోయే కొద్దీ టెన్షన్, చివరికి టిక్కులు పెట్టడానికే చదవడం. అన్నిటికన్నా పెద్దది, ఇది చదివిస్తుంది గానీ ఆగి ఆలోచించనివ్వదు. ఇదొక్కటే చేసి బైబిల్ ధ్యానం అయిపోయింది అనుకోవద్దు.

పక్కన ఏదైనా చిన్న పత్రిక, ఫిలిప్పీయులకు లాంటిది, తీసుకుని వారానికి పది వచనాలే నోట్‌బుక్‌లో రాసుకుంటూ తవ్వండి: ఎవరు ఎవరికి రాశారు, ఎందుకు, ముందు వెనక ఏముంది. ఒకట్రెండు వచనాలు కంఠస్థం చేయండి, చదివింది ప్రార్థనలోకి తీసుకెళ్లండి, అర్థం కానిది ఇంకో విశ్వాసితో కూర్చుని మాట్లాడండి. యాకోబు 1:22 అడిగేది మాత్రం ఏ ప్లాన్‌లోనూ గడి ఉండని పని, విన్నదాని ప్రకారం నడుచుకోవడం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నాలుగు అధ్యాయాలు ఎక్కువే. మొదటి ఏడాది ఆ నాలుగు దారుల్లో మొదటి రెండు, రెండో ఏడాది మిగతా రెండు చదవండి. బైబిలంతా పూర్తవుతుంది, ఆగి ఆలోచించడానికి సమయమూ మిగులుతుంది.