“కస్టమైజ్డ్” ట్రీ స్టాండ్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు టేపు విప్పించండి

వాడిన క్లైంబింగ్ ట్రీ స్టాండ్ (వేటకి చెట్టు ఎక్కి పైన కూర్చోవడానికి వాడే సీటు) కొందామనుకుంటున్న తెలుగువాళ్ళందరికీ, ముఖ్యంగా డెట్రాయిట్ చుట్టుపక్కల ఉంటున్నవాళ్ళకి ఈ హెచ్చరిక. ప్రకటనలో “కస్టమైజ్డ్” అనో “అప్‌గ్రేడెడ్” అనో కనిపిస్తే, మనిషి బరువు మోసే భాగాల్లో దేని మీద చెయ్యి వేశారో తేలేదాకా డబ్బులు ఇవ్వకండి. నాకు అమ్మిన స్టాండ్ నేలకి అడుగు ఎత్తులోనే జారింది. అదే ఇరవై అడుగుల మీద జారి ఉంటే ఈ పోస్టు రాసే పరిస్థితి ఉండేది కాదు.

మిషిగన్‌లో విల్లుతో జింకల్ని వేటాడే సీజన్ అక్టోబర్ 1న మొదలవుతుంది. ఆగస్టు నుంచే వాడిన స్టాండ్ల ప్రకటనలు వరుసగా కనిపిస్తాయి. ఇక్కడ కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళలో ఈమధ్య బౌ హంటింగ్ మొదలుపెడుతున్నవాళ్ళు పెరిగారు. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ నిబంధనల తలనొప్పి ఎందుకని విల్లు వైపే వస్తున్నారు. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నిషేధం కాబట్టి ఈ సామాను మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి పరిచయం ఉన్నది కాదు. అమ్మేవాడు ధీమాగా చెబితే నమ్మేస్తాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ స్టాండ్ చెట్టుని ఎలా పట్టుకుంటుందో తెలియాలి. ఇందులో రెండు ముక్కలుంటాయి. పైది కూర్చునే సీటు, కిందది పాదాలు పెట్టే ప్లాట్‌ఫామ్. ఒక్కోదానికి ఒక కేబులో బెల్టో ఉండి చెట్టు వెనక నుంచి చుట్టుకుంటుంది. ముందు వైపు పళ్ళున్న కడ్డీ బెరడుకి ఆనుతుంది. మీరు బరువు వెయ్యగానే ప్లాట్‌ఫామ్ కిందికి వాలాలని చూస్తుంది. ఆ వాలుకి వెనక కేబుల్ బిగుసుకుంటుంది, ముందు పళ్ళు బెరడులోకి దిగుతాయి. పట్టంతా అంతే, మేకులూ మరలూ ఏమీ ఉండవు. మన గీత కార్మికుల మోకు కూడా ఇలాగే మనిషి బరువుతోనే చెట్టుని పట్టుకుంటుంది. అంటే మీ శరీరానికీ చెట్టుకీ మధ్య ఉన్న ప్రతి గొట్టం, ప్రతి పిన్ను, ప్రతి కేబుల్ చివర సరిగ్గా ఉండాలి. వాటిలో ఒక్కటి వదిలినా మిగతావి కాపాడలేవు.

నేను కొన్నది అల్యూమినియం స్టాండ్. ప్రకటనలో “చప్పుడు రాకుండా టేపు వేశాను, సీటు మార్చాను, బరువు తగ్గించాను” అని ఉంది. ఇంకేమైనా మార్చారా అని ఫోన్‌లో అడిగితే ఏమీ లేదన్నాడు. ధర 180 డాలర్లు. కొత్తదానికి మూడు నాలుగు వందలు పెట్టాలి కాబట్టి ధర అనుమానించేంత తక్కువేం కాదు. మనిషి మర్యాదగా మాట్లాడాడు, సీజన్ గురించి, జింకల దారుల గురించి చాలాసేపు కబుర్లు చెప్పాడు. స్టాండ్ చూడటానికి నీట్‌గా ఉంది. గొట్టాలన్నిటికీ మెత్తటి నల్ల టేపు, మిగతా చోట మాట్ రంగు.

మా వెనక పెరట్లో ఓక్ చెట్టుకి కట్టి, హార్నెస్ (పడిపోకుండా ఒంటికి వేసుకుని చెట్టుకి కట్టుకునే పట్టీలు) వేసుకుని, అడుగు ఎత్తులో పెట్టి బరువు వేశాను. ప్లాట్‌ఫామ్ ఒక పక్కకి గబుక్కున కుంగింది. దించి చూస్తే కేబుల్ తన క్లిప్పులోంచి జారి ఉంది. కంపెనీ కేబుల్ చివర్లలో మెషీన్ మీద నొక్కి బిగించిన లోహపు గొట్టం ఉంటుంది. ఇతను ఆ కేబుల్ తీసేసి హార్డ్‌వేర్ షాపులో దొరికే వైరు తాడు పెట్టి, చివర మడిచి, ఒకే ఒక్క యూ బోల్ట్ క్లిప్పు బిగించాడు. సన్న వైరు తాడుకైనా తక్కువలో తక్కువ రెండు క్లిప్పులు కావాలి. పైగా క్లిప్పులో గాడి ఉన్న వైపు బరువు మోసే తాడు మీద, యూ వంపు కత్తిరించిన చివర మీద రావాలి. ఇక్కడ అదీ తిరగబడి ఉంది.

అప్పుడు టేపు మొత్తం విప్పాను. ప్లాట్‌ఫామ్ గొట్టాలకి వరుసగా డ్రిల్లుతో రంధ్రాలు. బరువు తగ్గించడమంటే ఇదన్నమాట. అవి కూడా చెట్టుకి దగ్గరగా, అంటే మీరు నిలబడినప్పుడు వంచే బలం అన్నిటికన్నా ఎక్కువగా పడే చోట. నా ఉద్యోగమే లోహాల అలసటతో (మళ్ళీ మళ్ళీ బరువు పడి లోహం పగలడం) కాబట్టి చూడగానే ఒళ్ళు జలదరించింది. రంధ్రం అంచు దగ్గర ఒత్తిడి కొన్ని రెట్లు పెరుగుతుంది. ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ అక్కడే సన్నటి పగులు పుట్టి, కంటికి కనపడకుండా ముందుకి పాకుతుంది. అల్యూమినియం వంగి మనకి హెచ్చరిక ఇస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. అలసటతో వచ్చే పగులు ఒక్కసారిగా తెగుతుంది.

ఒక మూల అతుకు దగ్గర రంగు గీకితే, కొత్తగా వేసిన వెల్డింగ్ బయటపడింది. ఎప్పుడో విరిగినదాన్ని అతికించి పైన రంగు కొట్టారు. ఇలాంటి ఫ్రేములకి ఎక్కువగా వాడే 6061-టీ6 రకం అల్యూమినియం బలం వేడిచికిత్స వల్ల వచ్చేది. గ్యారేజీలో వెల్డ్ చేస్తే ఆ అతుకు పక్కనున్న లోహం మెత్తబడి చాలా బలం కోల్పోతుంది. ఫ్యాక్టరీలో దాన్ని లెక్కలోకి తీసుకుని డిజైన్ చేస్తారు, బరువు వేసి పరీక్షిస్తారు. గ్యారేజీలో ఎవరు పరీక్షిస్తారు?

బోల్టులు కూడా మార్చాడు. తల మీద ఒక్క గీత కూడా లేదు. ఇక్కడి ఇంచుల బోల్టుల్లో గ్రేడ్ 5కి తల మీద మూడు గీతలు, గ్రేడ్ 8కి ఆరు గీతలు ఉంటాయి. ఏ గీతా లేకపోతే అది తక్కువ బలం బోల్టనే అనుకోవాలి. కంపెనీ పేరు, మోడల్, బరువు పరిమితి, తయారీ తేదీ ఉండే స్టిక్కర్ మీద కూడా రంగు కొట్టేశాడు. ఈ విషయం అన్నిటికన్నా కోపం తెప్పించింది. ఆ వివరాలు లేకుండా అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ రీకాల్ జాబితాలో, అంటే లోపం ఉందని వెనక్కి తీసుకునే సరుకుల జాబితాలో, ఈ స్టాండ్ ఉందో లేదో ఎలా చూసుకోవాలి? ఫోన్ చేస్తే “ఉన్నది ఉన్నట్టు అమ్మాను” అని పెట్టేశాడు. డబ్బులు రాలేదు.

కాబట్టి చూడటానికి వెళ్ళినప్పుడు టేపు విప్పించండి. ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చెయ్యండి, మొహమాటం వద్దు. ప్లాస్టిక్ తొడుగున్న స్టీల్ కేబుల్ అయితే మరీ జాగ్రత్త. తొడుగు ఎక్కడైనా చిట్లితే నీళ్ళు లోపలికి దిగి తీగలు తుప్పు పడతాయి, పైకి మాత్రం కొత్తదానిలా ఉంటుంది. నొక్కి బిగించిన చివర దగ్గర గోటితో తడిమి చూడండి. తెగిన తీగ గుచ్చుకున్నా, తొడుగు ఉబ్బినా ఆ కేబుల్ పనికిరాదు. అదే మోడల్‌కి కంపెనీయే అమ్మే కేబుల్ దొరికితే సరే, లేకపోతే ఆ స్టాండే వదిలెయ్యండి.

టేపు వెయ్యడం తప్పు కాదు. మెటల్ మీద మెటల్ తగిలితే వచ్చే టంగుమనే చప్పుడు చలి ఉదయాల్లో చాలా దూరం పోతుంది, జింక ఆ చెట్టు వైపు రాదు. సీటు మీద మెత్త, భుజానికి మంచి పట్టీలు, విల్లు తగిలించుకోవడానికి చెట్టుకి కట్టే స్ట్రాప్, ఇవన్నీ నిక్షేపంగా పెట్టుకోండి. వాటర్లూ, పింక్నీ లాంటి ప్రభుత్వ భూముల్లో చెట్టులోకి దిగే మరలు, మేకులు నిషేధం అని గుర్తుంచుకోండి. స్టాండ్ మీద మీ వివరాలు కనిపించేలా రాయాలి కూడా. పళ్ళు, కేబుల్, పిన్నులు, ఫ్రేము గొట్టాలు, వీటి జోలికి మాత్రం ఎవరూ పోకూడదు, ఎంత పనితనం ఉన్నవాళ్ళైనా సరే.

వాడిన స్టాండ్‌తో పాటు వాడిన హార్నెస్ ఇస్తానంటే తీసుకోకండి. ఎండకి, చెమటకి పట్టీ నేత బలం తగ్గుతుంది, చాలా కంపెనీలు వాడుకకి 5 ఏళ్ళే గడువు పెడతాయి. శరీరమంతటికీ వేసుకునే కొత్త హార్నెస్ కొనండి. నడుముకి మాత్రమే కట్టే పాత బెల్టులు వద్దే వద్దు. కాళ్ళు నేల మీద ఉన్నప్పుడే చెట్టుకి కట్టుకుని, ఎక్కేటప్పుడు ఆ తాడుని కూడా పైకి జరుపుకుంటూ వెళ్ళాలి. కూర్చున్నాక తాడులో వదులు ఉండకూడదు. పడిపోయి వేలాడితే కాళ్ళలో రక్తం ఆగిపోయి కొద్దిసేపట్లోనే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, కాలు ఆనించి నిలబడే పట్టీ జేబులో ఉండాలి. ఏళ్ళ తరబడి తాళ్ళెక్కిన చేతులున్న గీత కార్మికులకే తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇచ్చింది. వారాంతాల్లో ఎక్కే మనకి అవసరం లేదా?

సీటుకీ ప్లాట్‌ఫామ్‌కీ మధ్య తాడు ఉందో లేదో కూడా చూడండి. నాకు అమ్మినదాంట్లో అది తీసేశాడు. పాదాల బరువు తియ్యగానే ప్లాట్‌ఫామ్ పట్టు వదిలి కిందికి జారిపోతుంది, తాడు లేకపోతే మీరు పైన సీటులో చిక్కుకుపోతారు. ఇంకోటి, మా వైపు అడవుల్లో నిటారుగా, కొమ్మల్లేకుండా ఉన్న చెట్లలో కొన్ని చచ్చిన యాష్ చెట్లు. 2002లో డెట్రాయిట్ దగ్గరే బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు వాటిని తినేసింది. వాటి బెరడు పలకలు పలకలుగా ఊడి వస్తుంది, ఎంత మంచి స్టాండైనా అక్కడ నిలవదు.

నేను కొన్న స్టాండ్ ఫ్రేముని రంపంతో ముక్కలు కోసి తుక్కుకి వేశాను, ఇంకొకరి చేతికి పోకూడదని. ప్రకటన పెట్టిన చోట ఫోటోలతో ఫిర్యాదు చేశాను, ఇంతవరకు జవాబు లేదు. అదే మనిషి ఇంకో రెండు స్టాండ్లు అమ్మకానికి పెట్టాడు. రెండింటికీ గొట్టాల నిండా అదే నల్ల టేపు, స్టిక్కర్ ఉండాల్సిన చోట మాట్ రంగు, హార్నెస్ లేదు. మీలో ఎవరైనా ఇప్పటికే అలాంటిది కొని ఉంటే ఈ వారం ఎక్కకండి. టేపు విప్పి, పగటి వెలుతురులో ఫోటోలు తీసి నాకు పంపండి, నాకు తెలిసినంతవరకు చూసి చెబుతాను.