పాత మారుతి 800 బాగుచేయించేవాళ్ళు జాగ్రత్త: క్లచ్ డబ్బులు తీసుకుని నట్టు తిప్పి పంపాడు

వైజాగ్‌లో పాత బండ్లకు ‘పునర్జన్మ’ ఇస్తానంటూ వీడియోలు పెట్టే ఆ షెడ్డు గురించే రాస్తున్నాను. పేరు రాయను. పాత మారుతి 800 ఉన్నవాళ్ళకి రాయక్కర్లేదు కూడా, మీ ఫోన్లో రోజూ కనిపించేవాడే. ముందు తుప్పు బండి, చిటిక వేయగానే తళతళలాడే బండి, వెనకాల మ్యూజిక్. నేనూ అది చూసే వెళ్ళాను. ఇంజినీరింగ్ చదివానట, పైగా.

బండి నాన్నగారిది, 1997 మోడల్. కార్బురేటర్ ఇంజను, నాలుగు గేర్లు. ఆయన డ్రైవింగ్ మానేశాక గేటు పక్కన రేకుల కింద ఉండిపోయింది. మన ఊరి ఉప్పుగాలి సంగతి తెలిసిందే కదా. డ్రైవర్ సీటు కింద ఫ్లోరు చిల్లులు పడింది, డోర్ల అడుగులు రాలిపోయాయి. టింకరింగ్, పెయింటు, కార్బురేటర్ క్లీనింగ్, బ్రేకులు, రబ్బర్లు అన్నీ కలిపి మాట్లాడుకున్నాం. ఆ పనుల మీద నాకు పెద్ద గొడవ లేదు. లప్పం కాస్త ఎక్కువే పట్టించాడు, ఎడమ డోరు అడుగున అయస్కాంతం పెడితే అంటుకోవడం లేదు. పోనీలే అనుకున్నాను. నా మంట అంతా క్లచ్ గురించి.

ఇచ్చేటప్పుడు బండికున్న ఇబ్బంది ఇది. రివర్స్ వేస్తే కర్రుమని అరిచేది, సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేరు మొరాయించేది. పెడల్ దాదాపు ఫ్లోరుకి ఆనేదాకా తొక్కితే గానీ క్లచ్ విడిచేది కాదు. ఈ మాట విన్న ఏ మెకానిక్కయినా ముందు చూడాల్సింది కేబుల్. 800 క్లచ్‌లో హైడ్రాలిక్ గొడవ, అంటే నూనె ఒత్తిడితో నడిచే ఏర్పాటు, ఏమీ లేదు. పెడల్ నుంచి గేర్‌బాక్స్ మీదున్న లివర్ దాకా ఒక ఉక్కు తీగ, దాని కొసన మరలు, ఆ మరల మీద ఒక నట్టు. తీగ సాగితే పెడల్‌లో ఖాళీ పెరుగుతుంది, క్లచ్ పూర్తిగా విడవదు, గేరు అరుస్తుంది. నట్టు బిగిస్తే ఆ ఖాళీ తగ్గుతుంది. చేత్తో నొక్కి చూస్తే పెడల్ సుమారు రెండు సెంటీమీటర్లు తేలిగ్గా దిగి, ఆ తర్వాత బరువు తగలాలి. అంతే పని. తీగ మరీ నలిగిపోయి ఉంటే కొత్త కేబుల్ వేస్తారు, అదీ వందల్లో పోయే ఖర్చే. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు లెండి.

అతను మాత్రం పెడల్ ఒక్కసారి తొక్కి, మొహం అదోలా పెట్టి, “క్లచ్ పోయింది సార్, సెట్టు మొత్తం మార్చాలి” అన్నాడు. అంటే ఇంజను తిప్పుడుని గేర్‌బాక్స్‌కి అందించే ప్లేటు, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టు విడిపించే బేరింగు. “2014లోనే ఈ బండి ఆపేశారు కదా, సామాను దొరకడం లేదు. స్పెషల్‌గా తెప్పించాలి.” ఆపేసిన మాట నిజమే. కానీ 1983 నుంచి ముప్పై ఏళ్ళు దేశమంతా తిరిగిన బండికి క్లచ్ ప్లేటు దొరకకపోవడమేమిటి? స్పేర్ల కొట్లో అడిగితే తీసి బల్ల మీద పెడతారు. అడగాలని నాకు తోస్తే కదా! సామానూ లేబరూ కలిపి 9,500 అన్నాడు, అక్కడే ఫోన్ తీసి పంపేశాను. వెంటనే దండం బొమ్మ వచ్చింది. ఆ దండం ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

బండి ఇంటికొచ్చింది. రివర్స్ చప్పుడు లేకుండా పడుతోంది, క్లచ్ బాగా పైన అందుకుంటోంది. అందరం మురిసిపోయాం. సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని సింహాచలం బయల్దేరాం.

ఘాట్ ఎక్కుతుండగా మొదలైంది. సెకండ్ గేరులో యాక్సిలరేటర్ నొక్కుతుంటే ఇంజను ఊళ పెడుతోంది గానీ బండి ముందుకు పోవడం లేదు. కాలిన వాసన. వెనక బస్సువాడి హారన్. నాన్నగారు వంగి పెడల్‌ని ఒకసారి చేత్తో నొక్కి, “క్లచ్ జారుతోందిరా. వాడు ఖాళీ అస్సలు ఉంచలేదు” అన్నారు. షెడ్డుకి ఫోన్ చేశాను. “కొత్త ప్లేటు సార్, వెయ్యి కిలోమీటర్లు తిరగనివ్వండి, అదే సెట్టయిపోతుంది” అన్నాడు. నాన్నగారి మాట కాదని వాడి మాట విన్నాను.

తిప్పిన కొద్దీ జారడం ఎక్కువైంది. ఆఖరికి మామూలు ఫ్లైఓవర్ ఎక్కడం కూడా టెన్షన్ అయిపోయింది. నాన్నగారిని వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. గొడవ పడలేదు, పెద్దగా అరవలేదు. మార్చిన పాత సామాను చూపించమని అడిగాను, అంతే.

అక్కడ ఇంకో ముగ్గురు నలుగురు కస్టమర్లు ఉన్నారు, కెమెరా పట్టుకున్న కుర్రాడు ఉన్నాడు. మన హీరో లోపలికి వెళ్ళి, పేపర్లో చుట్టిన ఒక అరిగిపోయిన ప్లేటు తెచ్చి నా చేతిలో పెట్టాడు. “ఇదిగో మీ పాత ప్లేటు. ఎలా అరిగిందో చూడండి. నమ్మకం లేనివాళ్ళు మా దగ్గరికి రాకూడదు సార్.” నేను ఏదో అనబోతుంటే నాన్నగారి వైపు చూపించి, “పెద్దాయనకి క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు ఉండుంటుంది. ఎన్ని ప్లేట్లు వేసినా ఇంతే” అన్నాడు. కెమెరా కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

ఆ బండిని నాన్నగారు అరకు ఘాట్‌లో నడిపారు. ఎత్తు మీద బండి ఆగితే హ్యాండ్‌బ్రేక్ వేయాలి గానీ క్లచ్ మీద ఆపకూడదని నాకు నేర్పిందే ఆయన. ఆయన ఒక్క మాట అనలేదు. బయటికొచ్చి బండిలో కూర్చున్నారు. 9,500 పోతే పోయింది, మళ్ళీ సంపాదించుకుంటాను. ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ చెవుల్లోనే ఉంది, అందుకే అర్ధరాత్రి కూర్చుని ఇది రాస్తున్నాను.

నాన్నగారికి తెలిసిన పాత మేస్త్రి ఒకాయన గాజువాక వైపు ఉంటాడు. వీడియోలు లేవు, బోర్డు కూడా సరిగ్గా లేదు. బండి కింద టార్చి వేసి చూసి, లేచి కూర్చుని, “గేర్‌బాక్స్ ఎవరు దింపారు బాబూ?” అన్నాడు. షెడ్డు పేరు చెప్పాను. “దింపలేదు” అన్నాడు. 800లో ఇంజను అడ్డంగా ఉంటుంది, దాని పక్కనే గేర్‌బాక్స్. ప్లేటు మార్చాలంటే చక్రాల్ని తిప్పే డ్రైవ్ షాఫ్టులు లాగాలి, గేర్‌బాక్స్ దింపాలి, ఇంకో దారి లేదు. గేర్‌బాక్స్‌ని ఇంజనుకి పట్టి ఉంచే హౌసింగ్ బోల్టుల మీద గ్రీజూ మట్టీ కలిసి గట్టిపడిన పెచ్చు అలాగే ఉంది. ఒక్క బోల్టు మీద కూడా స్పానర్ పడిన గుర్తు లేదు. మెరుస్తున్నది ఒకటే, కేబుల్ కొసనున్న నట్టు. దాన్ని మర చివరిదాకా బిగించేశాడు.

పేపర్లో చుట్టిచ్చిన ప్లేటు కూడా తీసి చూపించాను. ఆయన కొత్త 800 ప్లేటు ఒకటి దాని మీద పెట్టాడు. కింది ప్లేటు చుట్టూ బయటికి కనిపిస్తోంది. “ఇదేటి బాబూ, ఇదేదో పెద్ద బండిది. మన గేర్‌బాక్స్‌లో పట్టనే పట్టదు కదేటి” అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, ఏడవలేక.

అసలు దారుణం వేరే ఉంది. బండి ఇచ్చేనాటికి నా ప్లేటు బాగానే ఉండి ఉంటుందని మేస్త్రి అంటాడు, సాగింది కేబులేనట. వీడు ఖాళీ లేకుండా నట్టు బిగించేసరికి, పెడల్ మీద కాలు లేకపోయినా బేరింగు ప్రెషర్ ప్లేటుని నొక్కుతూనే ఉంది. పట్టు చాలక ప్లేటు జారింది, జారి వేడెక్కింది, కాలింది. గేర్‌బాక్స్ దింపి చూస్తే ప్లేటు అరిగి రివెట్లు తేలిపోయాయి, ప్లేటు అదుముకునే ఇంజను చక్రం, అదే ఫ్లైవీలు, దాని మీద వేడికి నీలం మచ్చలు. అంటే మార్చని క్లచ్‌కి ఒకసారి కట్టాను, వాడి పుణ్యమా అని కాలిపోయిన క్లచ్‌కి మళ్ళీ కట్టాను. ఈసారి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు, కేబుల్, ఫ్లైవీలు లేతు పని, లేబరు అన్నీ కలిపినా వాడు తీసుకున్నదానికంటే తక్కువే అయింది.

ఫోటోలు పంపిస్తే రెండు బ్లూ టిక్కులు వచ్చాయి, ఆ తర్వాత నన్ను బ్లాక్ చేశాడు. వీడియో కింద కామెంటు పెడితే తీసేశాడు. మా బండి ‘పునర్జన్మ’ వీడియో మాత్రం ఇంకా అక్కడే ఉంది, జనం లైకులు కొడుతున్నారు.

వాడిచ్చిన బిల్లు మళ్ళీ తీసి చూశాను. ‘క్లచ్ వర్క్ 9,500’ అని ఒకే ఒక్క లైను. డ్రైవ్ షాఫ్టు లాగితే గేర్ ఆయిల్ కారిపోతుంది, కొత్తది పోయాల్సిందే. బిల్లులో గేర్ ఆయిల్ లేదు. కాబట్టి క్లచ్ చేయించేవాళ్ళు బిల్లులో ఆ లైను వెతకండి. ప్లేటు, బేరింగు విడివిడిగా రాయించుకోండి, గేర్‌బాక్స్ దింపినప్పుడు దగ్గరుండండి, కుదరకపోతే వీడియో కాల్ చేయమనండి. గేరు అరుస్తోందంటే ముందు కేబుల్ చూపించండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేస్తున్నాను, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. బిల్లూ, ఆ పెద్ద బండి ప్లేటూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ షెడ్డులోనే క్లచ్ చేయించినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఒకసారి బండి కింద టార్చి వేసి హౌసింగ్ బోల్టులు ఫోటో తీసి నాకు మెసేజ్ పెట్టండి. కలిసి కేసు వేద్దాం.