ఏడేళ్లలో ఐదుసార్లు పాత బంగారం అమ్మాను, ఎక్కడ ఎంత పోయిందో రాస్తున్నా

మా పెద్దమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కోసం 2018లో మొదటిసారి బంగారం అమ్మాను. గత ఏడాదితో కలిపి ఇప్పటికి ఐదుసార్లయింది. తెగిపోయిన నానుతాడు, జత పోయిన కమ్మలు, మా అత్తయ్యగారి గుండ్ల పేరు, నా పాత గాజులు. ఎవరూ పెట్టుకోక బీరువాలో ఉన్నవే అన్నీ, అయినా షాపు మెట్లెక్కే ప్రతిసారీ టెన్షనే, ఎందుకంటే కొనేటప్పుడు మనకి వంద మాటలు చెప్పే షాపువాళ్లు అమ్మేటప్పుడు ఒక్క ముక్క కూడా సరిగ్గా చెప్పరు.

మొదటిసారి తెలిసిన షాపుకే వెళ్లాం, మా పెళ్లినాటి నుంచీ అక్కడే కొనేవాళ్లం. 14 గ్రాముల నానుతాడు. ఆయన గీటురాయి మీద ఓసారి గీసి చూసి "అమ్మా, టంకం ఎక్కువుంది, పది శాతం తరుగు తీయాలి" అన్నాడు. తెలిసినాయన కదా అని మేము మాట్లాడలేదు. 1.4 గ్రాములు అలా నోటిమాట మీద పోయాయి, అప్పటి రేటుకి దాదాపు నాలుగు వేలు. రసీదు కూడా ఇవ్వలేదు.

2020లో కరోనా టైంలో డబ్బు బాగా ఇబ్బందైంది. అప్పుడు పాత బంగారం కొనే ఒక కంపెనీ బ్రాంచికి వెళ్లాను. ఇక్కడ మంచి ఏంటంటే పాన్, ఆధార్ తీసుకుని పద్ధతిగా బిల్లు ఇచ్చారు, అరగంటలో డబ్బు అకౌంట్లో పడింది. చెడు ఏంటంటే బంగారం స్వచ్ఛత చూసే మెషీన్. కమ్మని అతుకు ఉన్న వైపు పెట్టి 78 శాతం అన్నారు. తిప్పి పెట్టమంటే 88 వచ్చింది! ఆ మెషీన్ పైపొరనే చదువుతుంది, అందుకని టంకం ఉన్నచోట ఒకలా, లేనిచోట ఒకలా చూపిస్తుంది. కనీసం మూడు నాలుగు చోట్ల పెట్టించి చూడాలి. చివర్లో మార్జిన్ అని మూడు శాతం, సర్వీస్ ఛార్జి అని ఇంకొంత తీశారు, లోపలికి వెళ్లినప్పుడు ఆ మాటే ఎత్తలేదు.

అదే రోజు గుండ్ల పేరు కూడా చూపించాను. గుండ్లలో లక్క ఉంటుంది కదా, అది 12 గ్రాములు ఉంటుందని అంచనా వేసి తీసేస్తామన్నారు. ఎందుకో మనసొప్పలేదు, ఇంటికి తెచ్చేశాను.

రెండేళ్ల తర్వాత దాన్ని తీసుకుని సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో కరిగించే షాపుకి వెళ్లాం. అత్తయ్య కూడా వచ్చారు. "నా మెడలో ఉండి ఏం చేస్తుందమ్మా, పిల్ల చదువుకి పనికొస్తే చాలు" అన్నారు గానీ, ఆ అబ్బాయి పట్టకారుతో ఒక్కో గుండు నొక్కుతుంటే ముదురెరుపు లక్క పొడిపొడిగా కాగితం మీద రాలుతుంటే ఆవిడ చూపు తిప్పుకోలేదు. ముందు తూకం 38.2 గ్రాములు, లక్క తీశాక 29.6. అంటే లక్క 8.6 గ్రాములు, కంపెనీ వాళ్లు చెప్పిన 12 కాదు. ఆ రోజు ఒప్పుకుని ఉంటే 3.4 గ్రాముల బంగారం ఊరికే పోయేది. తర్వాత మూసలో వేసి, వెలిగారం చల్లి, గ్యాస్ మంటతో మా కళ్లముందే కరిగించారు. ముద్ద 29.1 గ్రాములు తూగింది, 84.2 శాతం వచ్చింది. పాతకాలం ఊరి కంసాలి చేసినవాటికి ఇలా తక్కువ రావడం మామూలే. 29.1ని 0.842తో గుణిస్తే 24.5 గ్రాముల మేలిమి. ఆ రోజు 24 క్యారెట్ల రేటుకి ఒకటిన్నర శాతం తగ్గించి కట్టారు, ఇంకే కోతా లేదు. నేను అమ్మినవాటిలో నాకు తృప్తిగా అనిపించింది ఇదొక్కటే. ఒక్కటి గుర్తుంచుకోండి, కరిగించాక మనసు మారితే వస్తువు తిరిగి రాదు, రేటు, మార్జిన్ అన్నీ మంట వెలిగించకముందే తేల్చుకోవాలి.

2023లో చిన్నచిన్న ముక్కలు అక్కడే ఇచ్చేశాను, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు.

గత ఏడాది పది గ్రాములు లక్ష దాటాక గాజులు అమ్మాను. 2011లో కొన్నవి, 916 ముద్ర ఉంది, బిల్లూ ఉంది, కొన్న షాపుకే తీసుకెళ్లాను. 22 క్యారెట్ల బోర్డు రేటు మీద రెండు శాతం తీశారు, అంతే. మార్చుకుంటే ఆ రెండు శాతం కూడా తీయం అన్నారు గానీ, కొత్త వస్తువు మీద తరుగు, మజూరీ, పైన మూడు శాతం జీఎస్టీ లెక్కేస్తే, డబ్బు కావాల్సినవాళ్లకి అది నష్టమే.

హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ నగ మీద వేసే ప్రత్యేక నంబరు) లేని పాత నగలు అమ్మకూడదని మా బంధువుల్లో చాలామంది భయపడుతున్నారు. ఆ నిబంధన నగలు అమ్మే వ్యాపారులకి, మనం ఇంట్లో పాతవి నిక్షేపంగా అమ్ముకోవచ్చు. అనుమానంగా ఉంటే ముందే హాల్‌మార్కింగ్ సెంటర్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి పరీక్ష చేయించుకోండి. నగదు మాత్రం ఒకే అమ్మకానికి రెండు లక్షలు, ఆపైన తీసుకోకండి, జరిమానా తీసుకున్నవాళ్లకే పడుతుంది. పన్ను సంగతీ ఉంది. 2024 జులై 23న గానీ ఆ తర్వాత గానీ అమ్మితే, రెండేళ్లకు మించి మన దగ్గరున్న బంగారం మీద వచ్చిన లాభానికి 12.5 శాతం. అత్తగారి నుంచి వచ్చినవాటికి ఆవిడ దగ్గరున్న కాలం కూడా కలుస్తుంది, బిల్లులు ఉంటే పారేయకండి.

ఇంకో మాట. గుండ్ల పేరు కరిగించే ముందు తూకం వేయకుండానే రెండు గుండ్లు పక్కన పెట్టించాను. మా చిన్నమ్మాయి గొలుసులో ఉన్నాయి ఇప్పుడు, లోపల లక్క అలాగే ఉంది.