బోల్ట్ మూసుకున్నంత మాత్రాన: రెండు రైఫిళ్లతో పదకొండేళ్లు

నా దగ్గర రెండు రైఫిళ్లు ఉన్నాయి. మొదటిది లక్ష్య సాధన కోసం కొన్న బోల్ట్ రైఫిల్ (తూటా వెనక మూసే కడ్డీయే బోల్ట్, దాన్ని చేత్తో తెరిచి మూయాలి), బ్యారెల్ మీద .223 రెమింగ్టన్ అని చెక్కి ఉంటుంది. రెండోది 7.62 నాటో తూటా కోసం తయారై, సైన్యం వాడి వదిలేసిన పాత రైఫిల్. పదకొండేళ్లు రెండింటినీ వాడాక, కొత్తగా కొనేవారికి అందరికన్నా ముందు తూటాల గురించే చెప్పాలనిపిస్తోంది.

.223 రైఫిల్‌లో మొదటి రెండేళ్లూ 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) మామూలు తూటాలే కాల్చాను. గురి చక్కగా కుదిరేది. తర్వాత ఒకసారి దాని సైనిక జోడీ అయిన 62 గ్రెయిన్ల 5.56 నాటో తూటాలు దొరికాయి. అడుగున వలయంలో శిలువ ముద్ర ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే రెండు రకాలకూ తేడా కనబడలేదు. బోల్ట్ కూడా హాయిగా మూసుకుంది. నాలుగో తూటా తర్వాత దాన్ని తెరవడానికి అరచేత్తో కొట్టాల్సి వచ్చింది. ఖాళీ కేసులు (తూటా ఇత్తడి తొడుగులు) చూస్తే ప్రైమర్లు, అంటే మందును అంటించే అడుగు బిళ్లలు, అంచులదాకా అణిగిపోయి ఉన్నాయి. ఒకదాని చుట్టూ నల్లటి మసి, అంటే వాయువు వెనక్కి కారిందన్నమాట. అక్కడితో ఆపేశాను.

కారణం కేసు కొలతల్లో లేదు. తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్, దాటాక, గుండును తిప్పే బ్యారెల్ గాడులు మొదలయ్యే లోపు కొంత ఖాళీ ఉంటుంది. 5.56 ఛాంబర్‌లో అది ఎక్కువ, .223లో తక్కువ. అందువల్ల నాటో తూటా మొన కదిలీ కదలకముందే గాడులకు ఆనుకుంటుంది, మందు మండగానే పీడనం హద్దు దాటుతుంది. .223కి గరిష్ఠ పీడనం 55,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). 5.56కి 62,000 అని చెబుతారు కానీ నాటో కొలిచే చోటు, పద్ధతి వేరు, కాబట్టి ఆ రెండు అంకెల మధ్య తేడా చూసి లెక్కలు వేయకండి. అమెరికా ఆయుధ తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ .223 ఛాంబర్‌లో 5.56 తూటా వేయడాన్ని ప్రమాదకరమైన వాటిలో చేర్చిందన్న మాట చాలు. ‘వేలు కాల్చాను, ఏమీ కాలేదు’ అనేవారు చాలామంది ఎదురవుతారు. వాళ్ల ఛాంబర్ కాస్త వదులుగా కోసి ఉండవచ్చు. నాది అలా లేదు.

అదే రోజు కాగితం మీద రంధ్రాలు కొన్ని అడ్డంగా, నిలువుగా చీలినట్టు పడ్డాయి. నా బ్యారెల్‌లో గాడులు 12 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఉక్కు మొన ఉన్న ఆ పొడవాటి గుండుకు అంత నెమ్మదిగా తిరిగితే నిలకడ రాదు. అమెరికా సైన్యం కూడా ఈ గుండుకు మారినప్పుడు ఎం16 బ్యారెల్ చుట్టును 12 నుంచి 7 అంగుళాలకు మార్చుకోక తప్పలేదు.

5.56 ఛాంబర్‌లో .223 తూటా వేయడం సురక్షితమే, మహా అయితే గురి కొంచెం సడలుతుంది. రెండూ కాల్చాలనుకుంటే, రెండింటికీ సరిపోయేలా కోసిన .223 వైల్డ్ ఛాంబర్ తీసుకోండి. ఇప్పుడైతే నేనూ అదే కొనేవాడిని.

పాత రైఫిల్ దగ్గరికి వస్తే వ్యవహారం తిరగబడుతుంది. 7.62 నాటోకు పౌర జోడీ అయిన .308 వించెస్టర్ 1952లో మార్కెట్‌కు వచ్చింది, 7.62 నాటో 1954లో ఖరారైంది. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది పౌర తూటాతోనే. సైనిక ఛాంబర్‌కు పొడవులో సడలింపు ఎక్కువ, అందుకు తగ్గట్టే సైనిక కేసు ఇత్తడి మందంగా ఉంటుంది. నా రైఫిల్‌లో .308 తూటాలు కాల్చాక ఒక కేసు మీద, అడుగుకు కాస్త పైన, మెరిసే గీత చుట్టూ తిరిగి కనిపించింది. వంచిన తీగను లోపలికి పోనిచ్చి తడిమితే అక్కడే గాడి తగిలింది. ఇంకొక్కసారి సాగితే కేసు రెండు ముక్కలయ్యేది. తుపాకుల మిస్త్రీ .308 కోసం ఉన్న 1.638 అంగుళాల ఫీల్డ్ గేజ్ (ఛాంబర్ పొడవు హద్దు దాటిందో లేదో చూసే కొలత ముక్క, దాని మీద బోల్ట్ మూసుకోకూడదు) పెట్టి చూశాడు. బోల్ట్ దాని మీద కూడా మూసుకుంది. అంటే .308కి ఆ రైఫిల్ పనికిరానట్టే; నాటో తూటాకు బాగుందో లేదో ఆ గేజ్ చెప్పదు.

కాల్చిన సైనిక కేసులను మళ్లీ నింపుకునేవారికి ఒక్క మాట: ప్రైమర్ చుట్టూ ఉన్న నొక్కును ముందు తొలగించాలి. లోపల చోటు తక్కువ కాబట్టి మందు కూడా తగ్గించి మొదలుపెట్టాలి.

రెండు రైఫిళ్లనూ ఉంచుకున్నాను. తూటాల పెట్టెలు వేర్వేరు అరల్లో ఉంటాయి, ప్రతి మూత మీదా ఆ రైఫిల్ బ్యారెల్ మీది అక్షరాలనే రాసి అంటించాను. పాతదానికి ఏడాదికోసారి గేజ్ పెట్టిస్తున్నాను.