పారిస్ గైడ్‌బుక్ కొంటున్నారా? అట్ట మీది సంవత్సరాన్ని నమ్మకండి

పారిస్ వెళ్లే ఆలోచనలో ఉండి, ఆన్‌లైన్‌లో గైడ్‌బుక్ కోసం వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. "2025-26 సరికొత్త కూర్పు" అన్న బంగారు ముద్ర, ఈఫిల్ టవర్ బొమ్మ, నాలుగున్నర నక్షత్రాల రేటింగ్ ఉన్న పలచటి ఇంగ్లిష్ పుస్తకాలు ఇప్పుడు కుప్పలుతెప్పలుగా అమ్ముతున్నారు. అలాంటిదొకటి వెయ్యి రూపాయల పైచిలుకు పోసి కొన్నాను. అది పాత పుస్తకమైతే నాకింత కోపం వచ్చేది కాదు. పాత గైడ్‌బుక్ అయినా ఎవరో ఒకరు ఆ ఊళ్లో తిరిగి రాసి ఉంటారు. ధరలు మారి ఉంటాయి, హోటళ్లు మూతపడి ఉంటాయి, అంతే. నేను కొన్నది పారిస్ మొహం చూడని పుస్తకం. అసలు దాన్ని రాసిన మనిషంటూ ఒకరున్నారా అన్నదే నా అనుమానం.

పార్సిల్ విప్పగానే కొంత అర్థమైంది. నగరానికి గైడు అని పేరు, లోపల ఒక్క పటం లేదు. ఫొటోలు లేవు. చివరి పేజీలన్నీ "మీ జ్ఞాపకాలు ఇక్కడ రాసుకోండి" అని గీతలు కొట్టిన ఖాళీ కాగితాలు. మిగిలిన వాటిలో ప్రతి వీధీ మనోహరమైనదే, ప్రతి కాఫీ దుకాణమూ దాగి ఉన్న రత్నమే. ఆ దుకాణం ఏ వీధిలో ఉందో మాత్రం ఎక్కడా చెప్పరు. రచయిత "దశాబ్దాలుగా ప్రపంచాన్ని చుట్టిన యాత్రికుడు" అట. ఆయన పేరు మీద వెతికితే రోమ్, టోక్యో, లిస్బన్ గైడ్లు దొరికాయి. వాటి పక్కనే మధుమేహం ఉన్నవాళ్లకు వంటలు, కుక్కపిల్లల పెంపకం మీద పుస్తకాలు కూడా ఆయనవే. దాదాపు అన్నీ ఒకే కాలంలో వచ్చినవి.

అయినా చేతిలో ఉంది కదా అని దాన్ని పక్కన పెట్టుకునే ప్రణాళిక వేయడం మొదలుపెట్టాం. నేను, మావారు, అత్తయ్యగారు, మామయ్యగారు. పుస్తకంలో రోజువారీ కార్యక్రమం ఒకటి తయారుగా ఉంది. దాని ప్రకారం సోమవారం వెర్సాయ్ రాజభవనం, మంగళవారం లూవ్ర్ మ్యూజియం. లూవ్ర్‌కు మంగళవారం సెలవు. వెర్సాయ్ భవనానికి సోమవారం సెలవు. అది చాలదన్నట్టు ఓర్సే మ్యూజియాన్ని కూడా సోమవారం మధ్యాహ్నానికే పెట్టారు, దానికీ సోమవారమే సెలవు! ఇవి నిన్న మొన్న మారిన సంగతులు కావు. ఒక్కసారి ఆ ఊరు వెళ్లినవాళ్లెవరూ ఇలా రాయరు. లూవ్ర్ సొంత వెబ్‌సైట్‌లో టికెట్లకు ప్రయత్నిస్తే మంగళవారం తేదీ ఎంతకూ తెరుచుకోకపోవడంతో సంగతి బయటపడింది. వీసా దరఖాస్తుతో పాటు ఇచ్చే ప్రయాణ ప్రణాళిక కూడా దాన్ని బట్టే తయారు చేస్తున్నాం, అది మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సి వచ్చింది.

నోత్రదామ్ చర్చి విషయంలో పుస్తకం తనతో తానే పోట్లాడుకుంది. ఒక అధ్యాయంలో అగ్నిప్రమాదం వల్ల మూసి ఉందని, ఇంకో అధ్యాయంలో ప్రవేశ టికెట్లు ముందే కొనుక్కోమని ఉంది. రెండూ తప్పే. 2019 ఏప్రిల్ 15న కాలిపోయిన ఆ చర్చిని బాగుచేసి 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు. లోపలికి వెళ్లడం పూర్తిగా ఉచితం. కావాలంటే ఉచితంగానే సమయం కేటాయించుకోవచ్చు, లేకపోతే వరసలో నిలబడవచ్చు. ఇక్కడ మాత్రం గట్టిగా చెబుతున్నాను: "నోత్రదామ్ ప్రవేశ టికెట్" అని డబ్బు అడిగేవాళ్లెవరినీ నమ్మకండి. ఉచితమైనదాన్ని కొనుక్కోమని చెప్పే పుస్తకం చేతిలో ఉన్న యాత్రికుడే అలాంటి అమ్మకందార్లకు కావాల్సింది.

ఆధునిక కళల మ్యూజియం ఉన్న పాంపిడూ కేంద్రానికి ఒక పూట కేటాయించమని రాశారు. మరమ్మతుల కోసం 2025 సెప్టెంబరులో దాన్ని పూర్తిగా మూసేశారు, 2030 వరకు తెరవరు. ఆ మూసివేత కబురు చాలా ముందునుంచే అందరికీ తెలుసు. లూవ్ర్ టికెట్ 17 యూరోలని రాశారు. అది 2024 జనవరిలోనే 22 అయింది. 2026 జనవరి నుంచి మనలా యూరప్ ఆర్థిక మండలం బయటి దేశాల వాళ్లకు 32 చేశారు. నలుగురు వెళ్లే కుటుంబానికి ఈ తేడా ఎంతవుతుందో లెక్క వేసుకోండి. చాలా మ్యూజియాలకు కలిపి ఇచ్చే మ్యూజియం పాస్ కొంటే ఈఫిల్ టవర్ కూడా అందులోనే వచ్చేస్తుందని ఇంకొక మాట. రాదు. ఆ పాస్ ఉన్నా లూవ్ర్‌కు సమయం విడిగా కేటాయించుకోవాల్సిందే.

డబ్బు సంగతి సరే. పెద్దవాళ్లతో వెళ్లేవారిని ఈ పుస్తకం నిజంగా ఇబ్బంది పెట్టేది రవాణా అధ్యాయంలో. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. పుస్తకంలో "మెట్రో స్టేషన్లన్నిటిలో లిఫ్టులు ఉన్నాయి, వృద్ధులకు అనుకూలం" అని నిశ్చింతగా రాసేశారు. పారిస్ మెట్రో 1900లో మొదలైంది. చాలా స్టేషన్లలో లిఫ్టు మాటే లేదు. మెట్ల మీద మెట్లు, లైను మారాలంటే పొడుగాటి సొరంగాలు, వాటి చివర మళ్లీ మెట్లు. ఆసాంతం లిఫ్టులున్న లైను ఒక్కటే, 1998లో మొదలైన 14వ నంబరు. నగర బస్సులు మాత్రం పెద్దవాళ్లకు హాయి. నేల ఎత్తు తక్కువ, తలుపు దగ్గర ర్యాంపు ఉంటుంది, పైగా కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. పుస్తకంలో బస్సుల గురించి రాసింది రెండే వాక్యాలు. ఒకటి ఓర్లీ విమానాశ్రయానికి "ఓర్లీబస్" ఎక్కమన్న సలహా. 14వ లైనును 2024 జూన్‌లో ఓర్లీ దాకా పొడిగించాక, 2025 మార్చిలో ఆ బస్సునే తీసేశారు.

టికెట్ల విషయమైతే చెప్పనక్కర్లేదు. పది కాగితపు టికెట్ల కట్ట కొనుక్కుంటే చవక అని రాశారు. ఆ కట్టలు అమ్మడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు 2 యూరోలు పెట్టి నవిగో ఈజీ అనే కార్డు కొని అందులో టికెట్లు వేయించుకోవాలి. మనిషికొక కార్డు ఉండాలి, ఒకే కార్డుతో నలుగురూ గేటు దాటడం కుదరదు. 2025 జనవరి 1 నుంచి విడి టికెట్లకు దూరాన్ని బట్టి ధర మారే పాత జోన్ల పద్ధతి తీసేసి మెట్రోకు, రైలుకు ఒకే ధర పెట్టారు. ఆ ఏడాది అది 2.50 యూరోలు. విమానాశ్రయాలకు మాత్రం ప్రత్యేక టికెట్ ఉంది, అప్పుడు 13 యూరోలు. మా పుస్తకం ఈ మార్పు గురించి ఏమీ చెప్పకుండా, లేని కట్ట కొనమని చెప్పి, ఆ టికెట్‌తోనే షార్ల్ ద గాల్ విమానాశ్రయానికీ వెళ్లవచ్చని ముగించింది. మామూలు టికెట్‌తో అక్కడ దొరికితే జరిమానా తప్పదు. వారం పాస్ కొన్న రోజు నుంచి ఏడు రోజులు పనిచేస్తుందన్నది మరో అబద్ధం. అది సోమవారం మొదలై ఆదివారంతో అయిపోతుంది. మాలాగా గురువారం దిగేవాళ్లు అది కొంటే వారం డబ్బు కట్టి నాలుగు రోజులు తిరిగినట్టు.

వీటిలో చాలా మటుకు బయలుదేరే ముందే తెలియడానికి కారణం మామయ్యగారి స్నేహితుడు ఒకాయన. యానాం మనిషి. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు కదా, అక్కడ కొన్ని కుటుంబాలకు ఫ్రాన్స్‌తో ఇప్పటికీ రాకపోకలున్నాయి. ఈయన కొడుకు ఉండేది పారిస్ శివార్లలోనే. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, పుస్తకం తిరగేసి, "దీన్ని రాసినవాడు ఎప్పుడైనా పారిస్ వెళ్లాడా అమ్మా?" అని అడిగారు. నగరంలోని 20 విభాగాలు ఉత్తరం నుంచి దక్షిణానికి 1, 2, 3 అని వరసగా ఉంటాయని అందులో ఉంది. నిజానికి అవి నది ఒడ్డున మధ్యలో 1తో మొదలై జిలేబీలా చుట్టుకుంటూ బయటికి వెళతాయి. ఈ ఒక్క ముక్క తెలియకపోతే హోటల్ ఎక్కడ తీసుకోవాలో కూడా తెలియదు, అడ్రసులో ఉన్న అంకె చూసి దగ్గరా దూరమా చెప్పలేం. తిండి గురించి ఆయన చెప్పిందే మాకు ఉపయోగపడింది. శాకాహారులకని పుస్తకంలో పేర్లు పెట్టిన హోటళ్లలో కొన్ని అసలు లేనే లేవు. గార్ దు నోర్ రైల్వే స్టేషన్ వెనక, లా షాపెల్ వైపు వెళితే శ్రీలంక తమిళుల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. ఇడ్లీ, దోసె, కరివేపాకు, కొబ్బరికాయలు, ఆ దగ్గర్లోనే మాణిక్క వినాయగర్ గుడి. మన తెలుగు పెద్దవాళ్లతో వెళ్లే ఎవరికైనా ముందు చెప్పాల్సిన చోటు అది. పుస్తకంలో దాని పేరే లేదు.

ఇది నా ఒక్కదానికి జరిగింది కాదు. 2023 ఆగస్టులోనే న్యూయార్క్ టైమ్స్ ఈ బాపతు గైడ్ల మీద పెద్ద కథనం వేసింది. కృత్రిమ మేధతో అల్లిన పాఠం, రచయిత అంటూ అసలు లేని మనిషి ఫొటో, కొనిపెట్టుకున్న పొగడ్తలు. పేరున్న ప్రయాణ రచయిత పేరును పోలిన పేరు పెట్టుకున్న నకిలీలు కూడా ఉన్నాయట. ఆ మరుసటి నెలలో, సొంతంగా పుస్తకాలు ప్రచురించుకునే ఒక పెద్ద వేదిక ఒక పరిమితి పెట్టింది: ఒకరు రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టకూడదు. రోజుకు మూడు! 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి మజిలీ మజిలీలో ఆగి నీళ్లెలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ వెళ్లారు. ఆ తిరుగుడుకు ఏడాది పైన పట్టింది. ఇప్పటి వీళ్లకు ఒక పూట చాలు.

కొనేముందు పట్టుకోవడం కష్టం కాదు. నమూనా పేజీలు చూపిస్తారు కదా, అందులో ఏదైనా తేదీ తెలిసిన మార్పు కోసం వెతకండి. ఈఫిల్ టవర్ ఎత్తు 324 మీటర్లని ఉంటే సమాచారం 2022 మార్చి కంటే వెనకటిది. అప్పుడు కొత్త యాంటెన్నా పెట్టడంతో 330 అయింది. నోత్రదామ్, పాంపిడూ, ఓర్లీ మెట్రో గురించి ఏం రాశారో చూస్తే మిగతాది తేలిపోతుంది. మీరు వెళ్లేది వేరే నగరమైతే అక్కడ ఈ రెండు మూడేళ్లలో మూసినవి, తెరిచినవి ఏవో ముందు తెలుసుకుని వాటినే పుస్తకంలో వెతకండి. హక్కుల పేజీలో ప్రచురణ సంస్థ పేరు, చిరునామా, ఎన్నో కూర్పు అన్నవి లేకపోతే అక్కడే ఆగిపోండి. పటం లేకపోతే ఇంకేమీ చూడనక్కర్లేదు. అయిదు నక్షత్రాల సమీక్షల తేదీలు గమనించండి. నాకు దొరికిన పుస్తకానికి అవన్నీ ఇంచుమించు ఒకే వారంలో వచ్చాయి, ఒక్కదానిలో కూడా పారిస్‌లో ఫలానా చోటికి వెళ్లామన్న మాట లేదు. ఒకటి, రెండు నక్షత్రాలవే మనుషులు రాసినట్టున్నాయి. లోన్లీ ప్లానెట్, మిషెలిన్, రిక్ స్టీవ్స్ లాంటి పేరున్న గైడ్లు కూడా అచ్చయ్యేసరికి కొంత పాతబడతాయి కాబట్టి ధరలు, సెలవులు ఆయా మ్యూజియాల సొంత సైట్లలో సరిచూసుకోక తప్పదు. కానీ అవి వీధులు తిరిగినవాళ్లు రాసినవి. పాత పుస్తకాల దుకాణంలో నాలుగేళ్ల కిందటి అలాంటి గైడ్ సగం ధరకు దొరికినా నేను దాన్నే తీసుకుంటాను.

ఇప్పటికే కొని ఉంటే వదిలేయకండి. "పుస్తకం చిరగలేదు కాబట్టి వాపసు కుదరదు" అని నాకూ మొదట జవాబు వచ్చింది. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల్లో ఉంది. ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. "సరికొత్త కూర్పు" అన్న ప్రకటన, లోపలి తప్పుల పేజీలు, మ్యూజియాల సైట్లలోని అసలు వివరాలు పక్కపక్కన పెట్టి ఫొటోలు పంపాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. కొంత నాన్చినా డబ్బు వెనక్కి ఇచ్చారు.

పుస్తకాన్ని మాత్రం తీసేయలేదు. ఈ మధ్య మళ్లీ చూశాను. అట్ట మీద 2026-27 అని ఉంది, రచయిత పేరు మారింది, బంగారు ముద్ర ఈసారి ఎర్రదయింది. నమూనా పేజీల్లో లూవ్ర్ ఇంకా మంగళవారమే ఉంది.